చేతికి కంకణం, బెంగుళూరులో కచేరీ

తిరుపతి దాకా వెళ్ళి కొండ ఎక్కకుండా తిరిగొచ్చిన మనిషిని ఈ భూమ్మీద నేనొక్కదాన్నేనని కాకినాడలో మా పెద్దమ్మ వీధి వీధంతా చెప్పింది. లడ్డూ ఏదే అని ఆవిడ చెయ్యి చాపితే, ఆ చేతిలో నేను చిత్తూరు బెల్లం అచ్చు పెట్టాను. నెల దాటినా నాతో ఇంకా ముభావంగానే ఉంది. నేను వెళ్ళింది దేవుడి కోసం కాదు, ఒక గొంతు కోసం. సంగతి మొదట్నుంచీ విడమర్చి చెబితే ఆవిడా, ఆ దారిన ఎప్పుడూ వెళ్ళని మీరూ నన్ను క్షమిస్తారని ఆశ.

ముందు నా వృత్తి చెప్పాలి. నేను జాజ్ పాడతాను, పాటలు కడతాను. చిన్నప్పుడు పొద్దున్నే మాస్టారి దగ్గర వర్ణాలు, ఆదివారం మిషన్ స్కూలు క్వయర్లో కీర్తనలు. రెండుచోట్లా అదే గొంతు, రెండుచోట్లా అవే చీవాట్లు. చదువవగానే చెన్నైలో ఒక పెద్ద హోటల్లో, జనం సూపు తాగుతుంటే పాడే ఉద్యోగం వచ్చింది. అక్కడి నుంచి ప్రయాణికుల ఓడ మీదికి. ఓడ లిస్బన్‌లో ఆగితే అక్కడి ముసలమ్మల దగ్గర విరహం పాటలు నేర్చుకున్నాను. డకార్‌లో ఆగితే గుమ్మడి బుర్రతో చేసిన తంత్రీవాద్యం వాయించేవాళ్ళ వెంట తిరిగాను. ఆ రుచులన్నీ కలిపి సొంతంగా పాటలు కట్టడం మొదలుపెట్టాను. కర్ణాటక సంగీతం వాళ్ళు ఇది సంగీతమే కాదన్నారు, జాజ్ వాళ్ళు ఇది జాజే కాదన్నారు. రెంటికీ చెడ్డ రేవడినయ్యాను. రెండు రికార్డులు వచ్చాయి గాని, కొన్నవాళ్ళలో సగం మంది నాకు వరసకి చుట్టాలు.

అలాంటిది, నలభై ఎనిమిదో ఏట, బెంగుళూరులో ఒక సంగీతోత్సవం వాళ్ళు ఒక సాయంత్రం మొత్తం నాకిచ్చారు. ఎవరి పాటలూ వద్దు, అన్నీ మీరు కట్టినవే పాడండి అన్నారు. ఆ మాట కోసం నేను పాతికేళ్ళు ఎదురుచూశాను.

ఆ కచేరీలో చివరి పాట అన్నిటికంటే పెద్దది. దానికి ప్రాణం మాత్రం నా గొంతు కాదు, మునిరత్నం అనే ఆయన గొంతు. బెంగుళూరులో మా డ్రమ్మరు ఇంటికి పాలు తెచ్చే పలమనేరు మనిషి ఒకరోజు ఫోన్‌లో వీడియో పెట్టి వినిపించాడు. వాళ్ళ ఊళ్ళో వేసవిలో భారతం జరుగుతుందట. పగలు హరికథ, రాత్రి నాటకం. ఒకరోజు అర్జునుడి వేషం కట్టినాయన తాటిచెట్టంత మాను మీదికి పద్యాలు పాడుకుంటూ ఎక్కుతాడట. పాశుపతాస్త్రం కోసం తపస్సు. ఆ వీడియోలో నాకు ఎవరిదో బట్టతల తప్ప ఏమీ కనబడలేదు. గొంతు మాత్రం స్పష్టంగా వినబడింది. ఒక పాదం పాడి ఉన్నట్టుండి ఆగిపోతాడు, మనం అనుకోని చోట మళ్ళీ అందుకుంటాడు. ఏ రెండు మౌనాలూ ఒకలా ఉండవు. ఎంత గొప్ప తాళజ్ఞానం అనుకుని వారం రోజులు కూర్చుని ఆ మౌనాలన్నీ లెక్కగట్టాను. ఇక్కడ ఏడున్నర మాత్రలు, అక్కడ పదకొండు అని రాసి, మా డబుల్ బేస్ వాయించే డెన్నిస్‌కి ఇచ్చాను. ఆ మనిషంత పొడుగు ఫిడేలు పట్టుకుని పాపం డెన్నిస్ వేళ్ళు బొబ్బలెక్కేలా సాధన చేశాడు.

మునిరత్నానికి ఫోన్ చేస్తే బెంగుళూరు వస్తానన్నాడు. అప్పటికి వాళ్ళ ఉత్సవం అయిపోతుంది. ఆయన్ని నేనే స్వయంగా తీసుకెళ్దామని బయల్దేరాను. శనివారం సాయంత్రం కచేరీ. గురువారం పొద్దున తిరుపతిలో దిగాను.

కొండ కింద

తిరుపతిలో ఒంటరి మనిషికి గది దొరకడం కష్టం. లాడ్జిలో అడుగుపెట్టగానే వెనకాల ఇంకెవరైనా వస్తున్నారా అని తొంగి చూస్తారు. మూడో చోట నేను తెలివి తెచ్చుకుని, తక్కినవాళ్ళు రైల్లో వస్తున్నారని అబద్ధమాడాను. సాయంత్రం ఖాళీ చేసేటప్పుడు గుమస్తా ఆ రానివాళ్ళ గురించి ఎంత దిగులుపడ్డాడంటే, నాకే వాళ్ళ మీద జాలేసింది.

టిఫిన్ ప్లేటు నలభై. ఇడ్లీ దూదిలా ఉంది గాని, చట్నీ వేరుశనగది. మా వైపు కొబ్బరి, అల్లం అని వంతులేసుకుంటాం. ఇక్కడ పొద్దున్నుంచి రాత్రి దాకా అన్నిటికీ వేరుశనగే దిక్కు. రెండో పూటకి అలవాటుపడ్డాను, మూడో పూటకి అది లేకపోతే వెతుక్కున్నాను.

బస్టాండుకి షేర్ ఆటో ఎక్కితే అందులో ఒక కుటుంబం మొత్తం గుండ్ల మీద గంధం పూసుకుని కూర్చుంది. ఆ ఇంటి పెద్దావిడ దర్శనం ఎంతసేపు పట్టిందని అడిగింది. పైకి వెళ్ళలేదన్నాను. గుండ్లన్నీ ఒక్కసారి నావైపు తిరిగాయి. డ్రైవరు వెనక్కి తిరిగి, పైకి పోకుండా ఈడేం పనమ్మా నీకి అన్నాడు. పాటలు పాడేదాన్నని, జాజ్ అంటారని చెప్పాను. పెద్దావిడ పాడమంది. బస్టాండు వచ్చే దాకా పాడాను. ఆవిడ శ్రద్ధగా విని, మెచ్చుకోలుగా తలూపి, తన తీర్పు చెప్పింది.

"బాగుండాది. రాగం తెలిసినోళ్ళ దగ్గిర ఇంగ రొన్నాళ్ళు నేర్సుకో."

మా మాస్టారు కూడా సరిగ్గా ఇదే అనేవారు.

చిత్తూరులో మామిడికాయ

చిత్తూరు బస్సులో నా పక్కన కూర్చున్నావిడ సగం తెలుగు, సగం అరవం మాట్లాడింది. ఏది ఎక్కడ మొదలవుతుందో ఆవిడకీ పట్టింపు లేదు. నేను రెండు సంగీతాలు కలిపితే పాతికేళ్ళుగా తగాదాలే. ఈవిడ రెండు భాషలు కలిపి హాయిగా అల్లుడి మీద చాడీలు చెబుతోంది. ఈ జిల్లాలో పుట్టి ఉండాల్సింది అనిపించింది.

ఊరి బయట మామిడికాయల లారీలు బారులు తీరి ఉన్నాయి. అన్నీ చిలక ముక్కులాంటి తోతాపురి కాయలే. గుజ్జు ఫ్యాక్టరీల కోసం వచ్చినవి. మా గోదావరి వైపు వీటిని కాయల్లో జమకట్టం. రసాలూ బంగినపల్లీ తిని పెరిగిన గర్వం మాది. టీ బంకు దగ్గర ఒక రైతు ఆ సంగతి నా మొహంలో కనిపెట్టాడు కాబోలు, కాయ నిలువునా కోసి, ఉప్పూ కారం జల్లి చేతిలో పెట్టాడు. గర్వం అక్కడితో సరి. ధర అడిగితే, ఈ ఏడు మేం అమ్ముకునే ధర చెబితే నీకి ఏడుపొస్తాది, ఊరికే తినమ్మా అన్నాడు.

అక్కడి నుంచే మునిరత్నానికి ఫోన్ చేశాను. రేపు పొద్దున వస్తున్నాను, బట్టలు సర్దుకోండి అన్నాను. ఆయన బస్సు ఎక్కడ దిగాలో చెప్పాడు. తర్వాత, రండమ్మా, అన్నం తిని మాట్లాడుకుందాం అన్నాడు. ఎంత మర్యాదస్తుడో అనుకున్నాను. పనిలో పని, నాటుకోడి పులుసు ఈ వైపు బాగుంటుందట కదండీ అని కూడా అనేశాను. ఆయన రండమ్మా రండి అంటూ ఫోన్ పెట్టేశాడు.

చింతమాకులపల్లె

పలమనేరు రోడ్డు మీద దిగి లోపలికి ఆటోలో వెళ్ళాలి. గాలి తగలగానే ప్రాణం లేచొచ్చింది. మే నెలలో చెట్టు నీడన చల్లగా ఉండే చోటు ఒకటి ఈ రాష్ట్రంలో ఉందని నాకు తెలీదు. ధర్మరాజుల గుడి ముందు పెద్ద పందిరి, లోపల మైకులో హరికథ. వెనక మైదానంలో నున్నగా చెక్కిన పెద్ద మాను నిలబెట్టారు. దానికి అడ్డంగా పొడుగునా కర్రమెట్లు, చిట్టచివర చిన్న పీట. తలెత్తి చూస్తే నా మెడ పట్టేసింది. ఉత్సవం అయిపోయి ఉండాలే, ఇదింకా నిలబడే ఉందేమిటి అనుకున్నాను గాని, గుడి ముందు ఆడవాళ్ళ వరస కనబడింది. ఆలోచన అక్కడే ఆగిపోయింది.

గుడి ముందు వరస కనబడితే నిలబడాలి, చివర పులిహోరో చక్రపొంగలో ఉంటుంది. ఈ నమ్మకం నన్ను ఏనాడూ మోసం చెయ్యలేదు. సూట్‌కేసు పక్కన పెట్టి నిలబడ్డాను. నా వంతు వచ్చేసరికి పులిహోర లేదు. పూజారి నా ఎడమ చేతికి పసుపు కొమ్ము గుచ్చిన దారం కట్టేశాడు. చుట్టూ ఉన్నవాళ్ళు గోవిందా అని అరిచారు. నేనూ అరిచాను. మా వైపు గుడిలో తోరం కడితే తిరుగు రైల్లో విప్పి కిటికీకి కట్టేస్తాం. అలాంటిదే అనుకున్నాను.

అప్పుడే మునిరత్నం వచ్చాడు. బక్కపల్చటి మనిషి, అరవై ఉంటాయి, నెరిసిన మీసం. నన్ను చూసి నవ్వబోయి, నా చేతిని చూసి ఆగిపోయాడు. ఆయన భార్య చెంగమ్మ ముందుకొచ్చి నా మణికట్టు తిప్పి చూసింది. తర్వాత నా భుజం మీద చెయ్యేసి మెల్లిగా చెప్పింది.

"ఈ వయసులో గూడా ఆశ వదల్లేదంటే నీది గట్టి మొక్కేనమ్మా."

ఆ వరస పిల్లల కోసం మొక్కుకున్న ఆడవాళ్ళదట. అర్జునుడు మాను ఎక్కే రోజున వాళ్ళు తడి చీరలతో దాని చుట్టూ బోర్లా పడుకుంటారు. ఆయన పైనుంచి విభూతి, నిమ్మకాయలు విసురుతాడు. నిమ్మకాయ ఎవరి మీద పడితే వాళ్ళ కడుపు పండుతుందని నమ్మకం. నాకసలు పెళ్ళే కాలేదండీ అన్నాను. చెంగమ్మ కాస్త ఆలోచించి, అయితే ముందు అది కావల్లే అంది.

అన్నం పెట్టారు. రాగి సంగటి, ఊరుబిండి అనే వేరుశనగ పచ్చడి, పప్పు. సంగటి ముద్ద చుట్టూ ఊరుబిండి రాసుకుని తింటుంటే, ఇంతకాలం ఏం తిన్నానా అనిపించింది. కోడి మాత్రం లేదు. ఉత్సవానికి జెండా ఎక్కాక ఊళ్ళో మాంసం ముట్టరట. ఆ సంగతి కోళ్ళకి కూడా తెలుసు కాబోలు, నా విస్తరి పక్కనే ధీమాగా తిరిగాయి.

చెయ్యి కడుక్కున్నాక మునిరత్నం నా ఎదురుగా గొంతుక్కూర్చున్నాడు. ఆయన చేతికీ కంకణం ఉందని నేనప్పుడు చూశాను.

"నేను రాలేనమ్మా. పూజారి వాళ్ళింట్లో పెద్దాయన సచ్చిపోయినాడు. అంటు వచ్చేతలికి ఉత్సవం పక్క వారానికి జరిపినారు. ఎల్లుండి ఆదివారం నేను మాను ఎక్కల్ల. ఫోన్‌లో చెప్పేదానికి నోరు రాలేదు."

లేదు అనే మాట ఇక్కడ ఫోన్‌లో చెప్పరట. ఇంటికి పిలిచి, అన్నం పెట్టి చెప్పాలట. మా గోదావరి వాళ్ళమైతే వస్తామని చెప్పి రాకుండా ఊరుకుంటాం. ఏది మేలో మీరే చెప్పండి. నాకు మాత్రం ఒళ్ళు మండిపోయింది. ఆయన లేకుండా ఆ పాట లేదు, ఆ పాట లేకుండా నా సాయంత్రం లేదు. అసలే ఈ బాధలో ఉంటే, చెంగమ్మ ఇంకో మాట చెప్పింది. ఆదివారం మాను ఎక్కడం అయ్యేదాకా కంకణం కట్టుకున్నవాళ్ళెవరూ ఊరి పొలిమేర దాటకూడదు, నేను కూడా. మూలిగే నక్క మీద తాటిపండు పడడం అంటే ఏమిటో ఆ సంగటి అరిగేలోగా నాకు తెలిసింది.

పందిట్లో పంచాయితీ

గుడి పెద్ద గురవయ్య నాయుడు. హరికథ అవగానే నా సంగతి పందిట్లోనే విచారించారు. మైకు కట్టెయ్యడం ఎవరికీ గుర్తులేదు. దాంతో నా వయసు, నాకు పెళ్ళి కాకపోవడం, నేను పులిహోర కోసం వరసలో నిలబడడం ఊరంతా వినబడ్డాయి.

తలా ఒక మాట చెప్పారు. కంకణం విప్పి ఆవు కొమ్ముకి కట్టమని ఒకరు, బెంగుళూరు వాళ్ళనే ఇక్కడికి రమ్మనమని ఒకరు. ఇక్కడ పందిరి ఉంది, మైకు ఉంది, జనం ఉన్నారు, ఆడ ఏముండాది అని వాదన. నాకు సహనం తక్కువ. మీ నమ్మకాలు మీవి, నేను దీన్ని విప్పేసి వెళ్ళిపోతున్నాను అని దారం మీద చెయ్యి వేశాను. అదీ మైకులో వినబడింది.

ఎవరూ అడ్డం రాలేదు. ఆడవాళ్ళ మధ్యలోంచి చెంగమ్మ లేచి నిలబడింది.

"విప్పుకో అమ్మా. నీకేం గాదు. ఆదివారం మాను మీద ఉండేది మా ఇంటాయన."

గడువు తీరక ముందే ఒక్క కంకణం తెగినా ముప్పు ఎక్కేవాడికేనని వాళ్ళ నమ్మకం. నేను నమ్మను. ఆ మాట ఇప్పటికీ అంటాను. కానీ ఆవిడ మొహం చూశాక నా వేళ్ళు కదల్లేదు. నా పాట కోసం ఆవిణ్ణి రెండు రోజులు అలా భయపెట్టే హక్కు నాకు లేదనిపించింది. చెయ్యి దించుకుని కూర్చున్నాను. కచేరీ పోయిందని తెలిసి ఏడుపొచ్చింది, ఏడ్చాను కూడా. అదీ మైకులోనే.

అప్పటిదాకా తువ్వాలుతో విసురుకుంటున్న గురవయ్య నాయుడు గొంతు సవరించుకున్నాడు. పొలిమేర దాటకూడదు అనేది పిల్లోళ్ళని బెదిరించేదానికి చెప్పే మాట, అసలు కట్టుబాటు వేరే అన్నాడు.

"మొక్కుబడి ఆడోళ్ళు పనుంటే పోవచ్చు. ఆడ మెతుకు ముట్టకూడదు, కన్ను మూయకూడదు. పొద్దు పొడిసేలోగా తిరిగొచ్చి ఈడ మొగం కడుక్కోవల్ల. అర్జునుడి కంకణం మాత్రం కదలకూడదు."

అంటే నేను వెళ్ళొచ్చు, మునిరత్నం రాకూడదు. సగం కచేరీ తిరిగొచ్చింది.

వామి పక్కన నిచ్చెన

శనివారం పొద్దున పాలు పితకడం అవగానే, నా బదులు నువ్వే పాడమ్మా అని మునిరత్నం నన్ను కూర్చోబెట్టి పద్యాలు నేర్పాడు. పద్యాలు కష్టం కాదు, మౌనాలే కష్టం. నేను నా లెక్కలు చెప్పాను. ఇక్కడ ఏడున్నర ఆగారు, ఇక్కడ పదకొండు ఆగారు, దీని వెనక ఏ తాళం ఉంది అని అడిగాను. ఆయన నన్ను వింతగా చూశాడు. తర్వాత నవ్వు మొదలుపెట్టాడు. నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుని చెప్పాడు. ఏడున్నర ఆగిన చోట పంచె కాళ్ళకి అడ్డం పడింది. పదకొండు ఆగిన చోట మెట్టు వదులుగా ఉంది, పాదంతో తడిమి చూసుకున్నాడు. తక్కినవన్నీ ఆయాసం.

నేనూ నవ్వాను, పొట్ట పట్టుకుని నవ్వాను. డెన్నిస్ బొబ్బలు గుర్తొచ్చి ఇంకా నవ్వాను. నవ్వడం అయ్యాక కంగారు పుట్టింది. ఆ ఆయాసం లేకపోతే ఆ పాటలో ఏముంది? నేల మీద నిలబడి ఏడున్నర లెక్కపెట్టి పాడితే అది ఉత్త వేషం. నేను అదే మాట పైకి అన్నాను. మునిరత్నం లేచి వెళ్ళి గడ్డివామికి ఆనించిన నిచ్చెన చూపించాడు.

చీర కుచ్చిళ్ళు దోపుకుని ఎక్కాను. మొదటి మెట్టు మీద పద్యం అందంగా వచ్చింది. మూడో మెట్టు మీద ఊపిరి నాతో మాట్లాడడం మానేసింది. ఐదో మెట్టు దగ్గర నిచ్చెన ఊగింది, నేను మాట మధ్యలో ఆగిపోయి వామిని కావలించుకున్నాను. ఊపిరి మళ్ళీ వచ్చాక గొంతు తనంతట తానే ఎక్కడో అందుకుంది. ఆ అందుకున్న చోటు నేను పాతికేళ్ళలో ఎన్నడూ పాడని చోటు. కింద రెండావులూ మేత మానేసి నన్నే చూస్తున్నాయి. చెంగమ్మ పేడ చేత్తోనే నిచ్చెన కాళ్ళు పట్టుకుని నిలబడింది. అదమ్మా, ఇప్పుడు ఎక్కుతా ఉండావు అన్నాడు మునిరత్నం.

పూట భోజనం అక్కడే గట్టిగా తిని బయల్దేరాను. అవతల మెతుకు ముట్టకూడదు కదా.

బెంగుళూరు

హాలు చేరగానే నిచ్చెన కావాలన్నాను. నిర్వాహకుడు లైట్లు సరిచెయ్యడానికేమో అనుకుని ఎలక్ట్రీషియన్‌ని పిలిచాడు. అది వేదిక మీద నాకు అని తెలిశాక, ఇది సర్కస్ కాదు మేడం అని నసిగాడు. డెన్నిస్‌ని పక్కకి పిలిచి, లెక్కలన్నీ మర్చిపో, నా కాళ్ళు చూసి వాయించు అన్నాను. బొబ్బలు చూపించి నావైపు చూసిన ఆ చూపు ఇక్కడ రాయను.

చివరి పాట వచ్చింది. చెప్పులు విడిచి మొదటి మెట్టు ఎక్కాను. రెండో మెట్టుకి హాల్లో ఎవరో నవ్వారు. నాలుగో మెట్టుకి నవ్వు ఆగింది. పైకి వెళ్ళేకొద్దీ లైట్ల వేడి, దుమ్ము, పట్టుచీర బరువు. ఒకచోట పాదం జారి పాట తెగింది. తెగిన చోట డెన్నిస్ కమాను గాల్లోనే ఆపి నా కాలి వంక చూస్తున్నాడు. హాలంతా నా కాలి వంకే చూస్తోంది. ఊపిరి తిరిగొచ్చింది, గొంతు లేచింది, కింద నుంచి ఆ పెద్ద ఫిడేలు నన్ను ఎత్తినట్టు అందుకుంది. అది మునిరత్నం గొంతు కాదు. లిస్బన్ ముసలమ్మలదీ కాదు, మా మాస్టారిదీ కాదు. ఎక్కుతున్నదాన్ని నేను, ఆయాసం నాది, పాటా నాదే. పై మెట్టు మీద నిలబడి పాడుతూ ఏడ్చేశాను. అంత సంతోషం నాకు ఇంతకు ముందు తెలీదు.

జనం లేచి నిలబడ్డారు. దిగడం మాత్రం ఎక్కడం కంటే కష్టమైంది, ఇద్దరు పట్టుకుని దించారు.

తర్వాత విందు. బయటి దేశాల నుంచి వచ్చిన ఉత్సవాలవాళ్ళు ఇద్దరు నాతో మాట్లాడాలని బల్ల దగ్గర కాచుకుని ఉన్నారు. బిర్యానీ వాసన మెట్ల దాకా వస్తోంది. ఊళ్ళో పనుందని చేతులు జోడించి వచ్చేశాను. ఇంత పెద్ద అవకాశం వదులుకుని ఏ ఊళ్ళో, ఏం పని అని నిర్వాహకుడు వెంటపడ్డాడు. బోర్లా పడుకోవాలండీ అని చెప్పి, పలమనేరు వెళ్ళే ఖాళీ పాల వ్యాను ఎక్కేశాను. ఆ ఇద్దరిలో ఒకావిడ తర్వాత వెతుక్కుని ఫోన్ చేసింది, వచ్చే ఏడు వాళ్ళ దేశానికి రమ్మంది. నిచ్చెన వాళ్ళే ఇస్తారట.

దారంతా నిద్ర పట్టకుండా డ్రైవరుకి నా రెండు రికార్డులూ పాడి వినిపించాను. పాపం, ఆయనకి దిగిపోయే వీలు లేదు.

మాను కింద

తూర్పు తెల్లబడుతుండగా ఊరి పొలిమేర రాయి దగ్గర వ్యాను ఆగింది. చెంగమ్మ చెంబుతో నీళ్ళు పట్టుకుని అక్కడే నిలబడి ఉంది. ఎప్పట్నుంచి నిలబడిందో నేను అడగలేదు. ఆడ ఏమన్నా తిన్నావా అని అడిగింది. లేదన్నాను. కన్ను మూసినావా అంది. లేదన్నాను. ఆవిడ గట్టిగా ఊపిరి వదిలి నా చేతుల్లో నీళ్ళు పోసింది.

బావి దగ్గర తలారా స్నానం చేయించారు. నా పక్కన నీళ్ళు పోసుకుంటున్న అమ్మాయి పేరు నాగమణి, పుంగనూరు నుంచి వచ్చింది. పెళ్ళయి చాలా ఏళ్ళయిందట, ఏటా ఏదో ఒక ఊరి మాను కింద పడుకుంటూనే ఉందట. ఈ ఏడు గూడా పడకపోతే మావాళ్ళు ఇంగ పంపరక్కా అంది, ఎటో చూస్తూ. నేను ఇంకో చెంబు నీళ్ళు తోడి ఆ అమ్మాయి చేతికిచ్చాను. తడి చీరలతో వెళ్ళి ఇద్దరం పక్కపక్కనే పడుకున్నాం, మొహం నేలకి పెట్టి, చేతులు ముందుకి చాచి.

మునిరత్నం మాను ఎక్కడం చూడ్డానికి ఇంత దూరం వచ్చిన నాకు, తీరా ఎక్కేటప్పుడు కనబడింది చీమలు. పలక డప్పులు మోగి ఆగాయి. పద్యం మొదలైంది. పాదం పాడి ఆగుతున్నాడు, మెట్టు ఎక్కుతున్నాడు, మళ్ళీ అందుకుంటున్నాడు. ఫోన్‌లో విన్న గొంతు అందులో పదోవంతు కూడా కాదు. ఎండ వీపు మీద కాలుతోంది, కింద నేల చల్లగా ఉంది, ఆ గొంతు నా మీద నుంచి పైపైకి పోతోంది.

బాగా పైకి పోయాక ఒకచోట ఆగాడు. ఆ ఆగడం అన్నిటికంటే పొడుగ్గా ఉంది. గోవిందా అంటున్న జనం కూడా ఆగిపోయారు. ఇందులో తాళం లేదని, అక్కడ ఒక ముసలి పాదం మెట్టు కోసం తడుముకుంటోందని నాకిప్పుడు తెలుసు. భయంతో మట్టిని గట్టిగా పట్టుకున్నాను. కంకణం విప్పకుండా ఉంచుకున్నందుకు, మెతుకు ముట్టకుండా వచ్చినందుకు, నమ్మకం లేని నేను ఎవరికి దణ్ణం పెట్టుకున్నానో తెలీదు గాని, పెట్టుకున్నాను.

గొంతు లేచింది. మైదానమంతా గోవిందా అని మారుమోగింది.

తర్వాత విభూతి రాలింది, ఆ వెంట నిమ్మకాయలు. చుట్టూ మెత్తని చప్పుళ్ళు. ఒకటి వచ్చి సరిగ్గా నా వీపు మధ్యలో తగిలి, మోచేతి పక్కకి దొర్లి ఆగింది. తలెత్తకూడదు, చూడకూడదు. పక్కన నాగమణి చెయ్యి కనబడింది, అరచెయ్యి పైకి, ఖాళీగా. నిమ్మకాయని వేళ్ళతో మెల్లిగా నెట్టి ఆ చేతిలో పెట్టాను. వేళ్ళు గబుక్కున మూసుకున్నాయి. ఆ అమ్మాయి నేలలోకి వెక్కి వెక్కి ఏడుస్తుంటే భుజాలు కదలడం నాకు తెలుస్తూనే ఉంది.

ఎవరైనా చూశారేమో నాకు తెలీదు, చూసినా ఎవరూ ఏమీ అనలేదు. అయినా నేను మొక్కని మొక్కు నాకు ముందురోజు సాయంత్రమే తీరిపోయింది. రెండోది కూడా నేనే తీసుకుంటే బాగుండదు.